నిలువు తెర

ఆగస్టు 4, 2025

కళ్ళ డాక్టర్ ఈ రోజు దాచకుండా చెప్పేశాడు. ఎడమ కంటికి చూపు మధ్యభాగం పోయింది. కుడి కన్ను అదే దారిలో ఉంది. చుట్టుపక్కలవి కనబడతాయి, నేరుగా చూసింది కనబడదు. హనుమకొండలో అంత పెద్ద దవాఖాన కట్టుకుని ఆయన చెప్పిన ఉపాయం ఒకటే. ఏది చూడాలో దాన్ని చూడొద్దట. దానికి కొంచెం పైన చూడాలట. అప్పుడు కింద అది కనబడుతుందట. అలవాటు చేసుకోండి సార్, అదే అలవాటయితది అన్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో అతనికి. డెబ్బై ఎనిమిదేళ్ళ వాడికి చూడటం నేర్పుతున్నాడు.

ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలు ఉన్నాయి. వాటి ముందు నిలబడి నేరుగా చూశాను. మధ్యలో బూడిద రంగు మచ్చ. అంచుల్లో అట్టలు.

ఈ డైరీ లావు స్కెచ్ పెన్‌తో రాస్తున్నాను. పేజీకి ఏడెనిమిది వరుసలు పడుతున్నాయి. చిన్నపిల్లల పలక లాగా ఉంది.

ఆగస్టు 9

ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. ఊళ్ళో సాహిత్య సభలన్నీ నడిపేది అతనే. శాలువాలు మా దుకాణంలో కొంటాడు. అందుకే నేనింకా బతికే ఉన్నానని అతనికి గుర్తుంది.

పటాల మీద సారంగపాణి పుస్తకం వస్తోందట. అక్టోబర్ పన్నెండున ఆవిష్కరణ. నన్ను మాట్లాడమన్నాడు. మీరయితె ఉన్నదున్నట్టు చెప్తరు సేటుగారూ, గందుకే అడుగుతాన అన్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. సభలో కొట్లాట జరిగితే రెండు రోజులు పేపర్లో వస్తుంది.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో రాసి పెట్టాలి, ముసలితనంలో నాకే మరుపు రాకుండా.

పటం అంటే నిలువుగా వేలాడదీసే పొడుగాటి గుడ్డ. దాని మీద నకాషీ చిత్రకారులు కథంతా బొమ్మలుగా వేస్తారు, ఒక గది కింద ఇంకో గది. కథ చెప్పేవాళ్ళు కొద్దికొద్దిగా విప్పుతూ, పక్కన నిలబడి కట్టెతో చూపిస్తూ పాడతారు. నేను బట్టల వ్యాపారిని. పగలు చౌరస్తా దుకాణంలో చీరలు కొలిచి, ఆదివారాలు బస్సుల్లో ఊరూరు తిరిగి పటాలు చూశాను. 1993లో పుస్తకం వేశాను. యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్న సారంగపాణి దాని మీద సమీక్ష రాశాడు. అందులో ఒక వాక్యం: "ఈ పుస్తకం కొలత కర్రతో రాసింది, పటం ఎన్ని గజాలో తెలుస్తుంది, పటమంటే ఏమిటో తెలియదు."

ఆ తర్వాత నన్నెవరూ రచయిత అనలేదు. కొలత కర్ర సేటు అన్నారు. సభల్లో, టీ కొట్ల దగ్గర, ఒకసారి నా దుకాణంలో, నా ముందే.

జవాబు చెప్పడానికి ఇన్నేళ్ళకు ఒక మైకు దొరికింది.

ఆగస్టు 12

ఓంప్రకాశ్ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా పంపాడు. ఫోన్‌లో అది చీమల బారు. భూతద్దం పెడితే ఒక్కో అక్షరం వస్తుంది. మూడో అక్షరం వచ్చేసరికి మొదటిది మరిచిపోతున్నాను. గంటసేపు కూర్చుని ఒక పేరా దాటలేదు.

ప్రేమలత టీ పెట్టి, సదవకుండనే తిట్టున్రి, మీకేమన్న కొత్తనా అని పోయింది. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెకు జవాబు చెప్పడానికి మైకు కూడా దొరకదు.

ఆగస్టు 14

మా కోడలు లావణ్య గదిలోకి నేను సాధారణంగా పోను. మడికొండ ఐటీ పార్కులో ఆమె ఉద్యోగం. వారానికి రెండు రోజులు అక్కడికి పోతుంది. మిగతా రోజులు తలుపు వేసుకుని గాలితో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఈ రోజు ఫోన్ ఛార్జర్ కోసం పోయాను. టేబుల్ మీద రెండు పెద్ద మానిటర్లు. ఒకటి మామూలుగా ఉంది. రెండోది పక్కకు ఒరిగి, అట్లాగే లేచి నిలబడ్డట్టుంది. టీవీని తలుపులా నిలబెడితే ఎట్లా ఉంటుందో అట్లా.

నీ టీవీ పడిపోయింది చూసుకో అన్నాను. పగలబడి నవ్వింది. పడిపోలే మామయ్యా, నేనే తిప్పిన, గిట్లయితె కోడ్ మొత్తం ఒక్క సూపుల కనబడ్తది అంది. దాని మెడ దగ్గర కీలు ఉంటుందట. పట్టుకుని తిప్పితే తిరుగుతుందట. ముప్పై రెండు అంగుళాలట. సినిమాలు చూసేటోళ్ళు అడ్డం పెట్టుకుంటరు, సదివేటోళ్ళు నిలువు పెట్టుకుంటరు అంది.

ఆ మాట నచ్చింది. కానీ నచ్చిందని చెప్పలేదు.

ఆగస్టు 15, ఉదయం పదకొండు

ఇది ఇప్పుడే రాయాలి.

సెలవు కదా అని లావణ్యే పిలిచింది. పీడీఎఫ్‌ను ఆ నిలువు తెర మీద పెట్టింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కింద రెండు దుప్పట్లు మడత పెట్టి ఎత్తు చేసింది.

పేజీ వచ్చింది. ఒక మొత్తం పేజీ. పైన అధ్యాయం పేరు నుంచి అడుగున పేజీ నంబరు దాకా, ఏదీ తెగకుండా, గూటి తలుపంత ఎత్తున. ఒక్కో అక్షరం చిటికెన వేలి గోరంత. రెండేళ్ళుగా నేను ముక్కలు చూస్తున్నాను. మనుషుల ముఖాల్లో చెవులు చూస్తున్నాను, అన్నం పళ్ళెంలో అంచులు చూస్తున్నాను. ఒక వస్తువును మొత్తంగా చూడటం ఎట్లా ఉంటుందో మరిచిపోయాను.

డాక్టర్ చెప్పింది గుర్తొచ్చింది. చదవాల్సిన వరుసకు నాలుగు వరుసలు పైన చూపు పెట్టాను. కింద ఆ వరుస తేలింది. చూపును కొంచెం దించాను. ఇంకో వరుస తేలింది. మామూలు స్క్రీన్‌లో పైకి చూస్తే త్వరగానే గోడ వస్తుంది. ఇందులో పైకి చూసినా పేజీయే, కిందికి చూసినా పేజీయే. నా పాడైపోయిన కంటి కోసమే ఎవరో కొలతలు తీసుకుని కుట్టినట్టుంది.

ప్రేమలత రెండుసార్లు టీ తెచ్చి రెండుసార్లు చల్లారిందని తీసుకుపోయిందట. నాకు తెలియదు.

ఇన్నాళ్ళ తర్వాత చదివిన మొదటి పేజీ శత్రువుది. ఏం చేస్తాం.

ఆగస్టు 16

ముప్పై పేజీలు చదివాను. తెలుగు బాగా రాస్తాడు, వెధవ.

ఆగస్టు 23

ఏర్పాటు కుదిరింది. లావణ్య మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు, సాయంత్రం ఆరు తర్వాత ఆ కుర్చీ నాది. ఒక్కోసారి ఆఫీసు వాళ్ళకు ఏదో చూపించాలని స్క్రీన్‌ను అడ్డంగా తిప్పుతుంది. అప్పుడు సారంగపాణి పేజీ ఒక క్షణం పక్కకు పడుకుని, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ క్షణం నాకు ఇష్టం.

మెడ నొప్పి పుడుతోంది. ఇంత ఎత్తు వస్తువును పైనుంచి కిందికి చూడాలంటే తల కూడా ఆడించాలి. బాగుంది, తల ఊపుతూ చదువుతాండ్రు, ప్రొఫెసర్ సాబ్‌కు దండం పెడ్తానట్టే ఉన్నది అని ప్రేమలత గుమ్మంలో నిలబడి అంది. ఆ తర్వాత మెడకు జండూబామ్ రాసింది.

సెప్టెంబర్ 2

దొరికాడు!

ఏడో అధ్యాయం. మొగిలమ్మ అని హసన్‌పర్తిలో ఒక ముసలామె ఉంది. పటం కథలు చెప్పే ఇంట్లో ఆఖరి మనిషి. ఆమె ఇంటి పటం గురించి ఆ అధ్యాయం. మొదటి నేతగాడు దారం సంపాదించుకొచ్చిన కథ. ఆ పటం ఇప్పుడు లేదు. పాతబడ్డ పటాన్ని చచ్చిన మనిషికి చేసినట్టు క్రియలు చేసి గోదావరిలో వదలడం వాళ్ళ ఆచారం. వదిలేశారు. అంతకుముందు సారంగపాణి తీయించిన ఫొటోలు మాత్రం ఉన్నాయి.

దాని గురించి ఇట్లా రాశాడు. పటంలో గదులు పైకి కనబడటానికి మాత్రమేనట. నకాషీ ఆ గుడ్డనంతా ఒక్క బొమ్మగా, పైనుంచి కిందికి జారే నీళ్ళలా వేశాడట. యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఊళ్ళో కూర్చుని చూస్తుంటే తనకు అట్లా అనిపించిందట.

అనిపించిందట! ఋజువు ఏది? ఒక్క ఆధారం ఇవ్వలేదు. పుస్తకంలో బొమ్మలు కూడా గదికొక పేజీగా, చుట్టూ తెల్ల మార్జిన్‌తో, నరికి వేసినట్టు వేశారు. ఒక్క బొమ్మట. అన్ని ముక్కలు చేసి ఒక్క బొమ్మట.

నా వాక్యం తయారయింది. సభలో చివరగా చెబుతాను. "నేను కొలత కర్రతో రాశాను. ఈయన అది కూడా లేకుండా రాశాడు."

ఎన్నిసార్లు పైకి అనుకున్నానో. వంటింట్లో నుంచి ప్రేమలత, ఎవలతోటి మాట్లాడుతాండ్రు అని అడిగింది.

సెప్టెంబర్ 6

ముక్కలు ముక్కలేనని సభలో చూపిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. లావణ్యను అడిగాను, మార్జిన్లు తీసేసి గదులన్నీ ఒకదాని కింద ఒకటి అతికించగలవా అని. గదెంత పని మామయ్యా అంది. ఫొటోగ్రాఫర్ దగ్గర్నుంచి పెద్ద ఫైళ్ళు తెప్పించమంది. ఓంప్రకాశ్‌తో చెప్పాను. వాడు సంబరంగా పంపించాడు.

సెప్టెంబర్ 7, మధ్యాహ్నం

ఎక్కడ మొదలుపెట్టాలి?

లావణ్య బొమ్మలు అతికించి నిలువు తెర మీద పెట్టి, మౌస్ చక్రం ఎట్లా తిప్పాలో చూపించి పప్పు పోపు వేయడానికి పోయింది. ఎర్రటి నేల మీద పసుపు పచ్చ, నీలి మనుషులు. తెర మీద ఒకేసారి మూడు గదులు, నాలుగో దాంట్లో సగం. పటాలు నేను వందసార్లు చూశాను. కానీ కథ చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఒక్క గది కంటే ఎక్కువ విప్పి ఉంచరు. కింద పరిచి చూసినప్పుడు వంగి, ఒక్కో గది కొలిచి రాసుకున్నాను. నిలబడ్డ పటాన్ని నిలబడ్డట్టు, గది కింద గదిగా ఎన్నడూ చూడలేదు.

పై గదిని చూడాలని చూపు పెట్టాను. నా కంటి సంగతి తెలిసిందే. పై గదిలో మచ్చ. దాని కింది అంచు మాత్రం తేటగా కనబడింది. పూల పట్టీకి ఆనుకుని ఒక చిన్న మనిషి ఉన్నాడు. రాజు వెనక గొడుగు పట్టుకున్నవాడు. కథతో పని లేనివాడు. అందరూ రాజును చూస్తున్నారు. వాడు చూడటం లేదు. వాడి కంట్లో నల్లగుడ్డు కిందికి జారి ఉంది. వాడు పట్టీ దాటి కింది గదిలోకి చూస్తున్నాడు.

వాడి చూపు ఎక్కడ పడుతుందో అక్కడే కింది గదిలో కథ మొదలవుతోంది.

చక్రం తిప్పాను. కింది గది పైకి వచ్చింది. అందులో పట్టీ పక్కన నీళ్ళ కుండతో ఒక ఆడమనిషి. ఆమె కళ్ళు కిందికి. ఆ చూపు పడ్డ చోట మూడో గదిలో నేతగాడి చెయ్యి. మళ్ళీ తిప్పాను. మూడో గదిలో ఒక కుక్క. కుక్క కూడా కిందికే చూస్తోంది.

ఆ తర్వాత ఎంతసేపు తిప్పానో తెలియదు. ప్రతి గదిలో ఒకరు. ప్రతి గదిలో ఎవరూ పట్టించుకోని ఒకరు. చూపును చేతులు మార్చుకుంటున్నారు, పెళ్ళిలో బంతి దగ్గర వడ్డించేవాళ్ళు పళ్ళెం అందించుకున్నట్టు. పుస్తకంలో గదికొక పేజీ వేస్తే వీళ్ళంతా ఎటో చూస్తున్న పిచ్చివాళ్ళు. ఇక్కడ పై నుంచి అడుగు దాకా ఒక్క చూపు జారుతోంది. నీళ్ళలాగే.

అతను రాసింది నిజం.

ఒక్క సంగతి ఇంకా ఉంది. చివరి గది. అందులో పట్టీ దగ్గర ఒక పసివాడు, చేతిలో దారపు ఉండ. వాడి కింద ఇంకే గదీ లేదు. వాడు కిందికి చూడటం లేదు. బయటికి చూస్తున్నాడు. నన్ను చూస్తున్నాడు. నేను తిరిగి వాడిని చూడాలని నేరుగా చూపు పెట్టాను. మాయమయ్యాడు. పైకి చూశాను. మళ్ళీ వచ్చి నన్ను చూస్తున్నాడు.

గుడ్డను నేను జీవితమంతా కొలిచాను. ఒక గుడ్డ నన్ను చూడటం ఇదే మొదటిసారి.

లావణ్య అన్నానికి పిలవడానికి వచ్చి నా ముఖం చూసి భయపడింది. చూపించాను. తనే చక్రం పట్టుకుని మళ్ళీ పైనుంచి తిప్పుకుంటూ వచ్చింది. తర్వాత మెల్లగా, అమ్మో మామయ్యా అంది. అంతే.

సెప్టెంబర్ 8

ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 11

అసలు పటం గోదావరిలో ఉంది. పుస్తకంలో ముక్కలున్నాయి. ఋజువు ఒక్క ఈ ఇంట్లో, ఈ టేబుల్ మీద ఉంది. నేను నోరు మూసుకుంటే సారంగపాణి ఆధారం లేని మాట రాసినవాడిగా మిగిలిపోతాడు. నా వాక్యం సభలో పేలుతుంది. నేను అబద్ధం ఆడినట్టు కూడా కాదు. అతను ఆధారం చూపలేదన్నది నిజమే కదా.

లావణ్య ఈ రోజు అడిగింది. సారంగపాణి సార్‌కు చెప్పరా మామయ్యా అని. నీ పని నువ్వు చూసుకో అన్నాను. చూసుకుంటూనే ఉంది. టైపు చేస్తూ, నా వైపు తిరగకుండానే, నాకయితె నిద్ర పట్టకపోవును అంది.

నాకు ముప్పై రెండేళ్ళుగా పట్టడం లేదమ్మా. నీకేం తెలుసు.

సెప్టెంబర్ 19

హసన్‌పర్తి పోయాను. లావణ్య ఆఫీసు లేని రోజు చూసి ఆటోలో తీసుకుపోయింది. మొగిలమ్మను కలిశాను. నిజం చెప్పాలంటే ఆమె నోటితో ఒక్క మాట అనిపించుకుందామని పోయాను. అదేం లేదు సేటు, బొమ్మ గీసెటోడు ఊకెనే గీసిండు అంటే చాలు. నా మనసు తేలికవుతుంది.

ఆమె వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కిందికి చూసే మనుషుల గురించి అడిగాను. నా వైపు చాలాసేపు చూసింది, ఎగతాళి చేస్తున్నాననుకుందేమో. నాకేం తెలుస్తది సేటు, నేను పటం పక్కపొంట నిలబడి కట్టెతోటి సూపెట్టేదాన్ని, ముంగట కూసొని ఎన్నడన్న సూసిన్నా అంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ పటం పక్కన పాడిందట. ఊళ్ళకు ఊళ్ళు ముందు కూర్చుని చూశాయి. ఆమె మాత్రం పక్క నుంచి అంచు చూసింది.

మీకు అన్ని తెలుస్తయి గద, గోదావరిల కలిపిన పటం మల్ల ఏడ సూసిన్రు అని అడిగింది. నేను చెప్పలేదు. లావణ్య చెప్పేసింది. మా ఇంట్ల టీవీల ఉన్నది అమ్మా, నిలబెట్టి పెట్టిన అని. మొగిలమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ముందుకు పోయి డ్రైవర్ పక్కన కూర్చున్నాను.

సెప్టెంబర్ 28

పండుగ గిరాకీ. కొడుకు ఉదయ్‌కు దుకాణంలో అన్నం తినే తీరిక కూడా లేదు. నన్ను గల్లా దగ్గర కూర్చోమంటే పోయాను. ఒకామె చీర విప్పి, కొంగు బాగుందా తాతా అని అడిగింది. కొంగు వైపు చూశాను, కనబడలేదు. కొంచెం పైన చూశాను, కనబడింది. బాగుందమ్మా అన్నాను. ఆమె వెనక్కి తిరిగి తన పైన ఏముందో చూసుకుంది.

కుడి కన్ను త్వరపడుతోంది.

అక్టోబర్ 11

తేల్చుకున్నాను. వ్యాపారి బుద్ధితోనే తేల్చుకున్నాను.

రేపు మొదట పటం చూపిస్తాను. రెండు నిమిషాలు. అతని మాటకు అతని దగ్గర లేని ఋజువు నేనే ఇస్తాను, అందరి ముందు. ఆ తర్వాత నా వాక్యం అంటాను. సహాయం చేసినవాడు తిట్టినా పడాలి. కృతజ్ఞతతో నవ్వుతూ పడాలి. అంతకంటే మంచి దెబ్బ లేదు.

హాల్లో ప్రొజెక్టర్ ఉందని ఓంప్రకాశ్ అన్నాడు. సాయంత్రం లావణ్య పోయి చూసి వచ్చింది. అడ్డం తెర. పటం దాని మధ్యలో జడలో రిబ్బన్ అంత ఉందట. పనికిరాదు. మన మానిటరే తీస్కపోదాం మామయ్యా అంది.

అక్టోబర్ 13, పొద్దున్నే

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

మానిటర్‌ను దుకాణం దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టాం. ఆటో అబ్బాయి, కిటికీ యాడికి తీస్కపోతాండ్రు అన్నాడు. వేదిక మీద చిన్న టేబుల్ వేసి, దాన్ని నిలువుగా నిలబెట్టి, లావణ్య లాప్‌టాప్ తగిలించి పక్కన కింద కూర్చుంది. వేదిక మీద మనుషులందరికీ పూలదండలున్నాయి. ఓంప్రకాశ్ అలవాటు కొద్దీ మానిటర్‌కు కూడా ఒకటి వేయబోయాడు.

సారంగపాణిని చాలా ఏళ్ళకు దగ్గరగా చూశాను. చూశాను అంటే చెవులు, భుజాలు చూశాను. అతనికి చేతికర్ర వచ్చింది. నా వైపు తిరిగి, ఏం సేటూ, గజం ఎట్లున్నది అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంకొంచెంసేపు ఆగు అనుకున్నాను.

మొదటి వరుసలో మొగిలమ్మ ఉంది. శాలువా కప్పడానికి పిలిపించారు. ముఖ్య అతిథి పెద్ద అధికారి. ఆయన వచ్చేదాకా మీరు మాట్లాడుండ్రి అని ఓంప్రకాశ్ నాకు మైకు ఇచ్చాడు. ప్రతి గదిలో కిందికి చూసేవాడిని చూడండి అని మాత్రం చెప్పి, లావణ్యకు సైగ చేశాను.

పటం కదిలింది.

గొడుగు పట్టినవాడు వచ్చాడు. కుండ మోసే ఆమె వచ్చింది. మొదట గుసగుసలు. కుక్క వచ్చేసరికి ఎవరో ఓహో అన్నారు. రెండు నిమిషాలు అయిందని ఆపమని చెయ్యి ఎత్తాను.

అప్పుడు మొగిలమ్మ లేచింది. ఆపకు బిడ్డా అని అరిచింది. మెట్లెక్కి వచ్చి, ఎప్పుడూ నిలబడేటట్టే తెర కుడి పక్కకు పోయి నిలబడింది. నోరు తెరిచింది. పాట రాలేదు. మళ్ళీ కదిలి ముందుకు వచ్చింది. సభకు వీపు పెట్టి, తెరకు ఎదురుగా నిలబడి అప్పుడు పాడింది. ఎన్నేళ్ళయిందో పాడి. గొంతు మొదట చిరిగిన గుడ్డలా ఉంది. మూడో గది వచ్చేసరికి అతుక్కుంది. బిడ్డా జర ఆగు అంటే లావణ్య ఆగింది. ఇగ పోనియ్యి అంటే పోనిచ్చింది. కోడింగ్ చేసే పిల్ల వేలు, హసన్‌పర్తి ముసలామె పాట ఒక్క తాళంలో నడిచాయి.

మధ్యలో అధికారి వచ్చాడు. ఓంప్రకాశ్ పరుగున వచ్చి, అమ్మా జర ఆపున్రి, సార్ వచ్చిండ్రు, దండ వేసినంక మల్ల పాడుదురు అన్నాడు. మొగిలమ్మ తిరగకుండానే చెప్పింది. పటం తెరిస్తె సివరి దాక పోవాలె నాయనా, నడుమ ఆపితె కథల మనుషులు ఆడ్నే నిలబడి ఎదురు సూస్తరు, వాళ్ళను నిలబెడ్తనా, మీ సార్‌ను నిలబెడ్తనా అని. సభలో ఒకటే నవ్వు. అధికారి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి ఆయన కూడా మెడ చాచి చూడటం మొదలుపెట్టాడు.

ముప్పావు గంట. చివరి గది వచ్చింది. దారపు ఉండ పట్టుకున్న పసివాడు హాల్లో ఉన్న అందరినీ చూశాడు. మొగిలమ్మ పాట ఆపింది. వేలు చాచి తెరను తాకింది. ఎంత సల్లగున్నవ్‌రా అంది. మైకు దగ్గరగా ఉండటం వల్ల అందరికీ వినబడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎక్కడో ఫ్యాను తిరుగుతోంది.

ఓంప్రకాశ్ నా చెవిలో, ఒక్క నిమిషంల ముగించున్రి సేటుగారూ అన్నాడు. మైకు పట్టుకున్నాను. ఇన్నేళ్ళు నూరి పెట్టిన వాక్యం నాలుక మీద ఉంది. ఈయన కొలత కర్ర కూడా లేకుండా రాశాడు. అప్పుడే అర్థమయింది. నేను తిట్టుగా కట్టిన మాట పొగడ్తగా మారిపోయింది. ఏ కర్రా లేకుండానే అతను ఈ గుడ్డను కొలిచాడు. ఇప్పుడు అదే మాట అంటే అతని పుస్తకానికి నేనే దండ వేసినట్టు.

కొలత సరిపోయింది అన్నాను. కూర్చున్నాను. సగం మందికి అర్థం కాలేదు. ఓంప్రకాశ్‌కు అసలే కాలేదు.

సభ అయ్యాక మెట్ల మీద సారంగపాణి నా భుజం పట్టుకున్నాడు. అడిగేశాను. నా పుస్తకం మీద రాసిన వాక్యం గుర్తుందా అని. కొలత కర్ర మాట మొత్తం అప్పజెప్పాను. అతను నిలబడి ఆలోచించాడు. నేనట్ల రాసిన్నా అన్నాడు. మళ్ళీ ఆలోచించాడు. మంచిగనే రాసిన గని అని నవ్వాడు.

గుర్తు లేదు! గజం గురించి వేదిక మీద అన్నది కూడా ఊళ్ళో అందరూ అంటారని అన్నాడట. ఎవరు మొదలుపెట్టారో అతనికి తెలియదట.

కోపం రావాలి. వెతుక్కున్నాను. మెట్లు దిగుతూ అతను ఆగి, గిది ముందుగల సూపిస్తె నేను పుస్తకమే రాయకపోదును సేటు అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. ఏదో పోగొట్టుకున్న మనిషిలా అన్నాడు.

అతని పుస్తకం అనవసరమని ఊరి ముందు నిరూపించాలని చూశాను. నిరూపించాను. అందులో ఉన్నది నిజమని చూపించి.

గెలిచానో లేదో ప్రేమలతను అడిగాను. ఇద్దరు ముసలోళ్ళు గెలిచి ఏం జేస్తరు, అన్నం తినుండ్రి అంది.

అక్టోబర్ 15

ఓంప్రకాశ్ ఫోన్. గా నిలబెట్టిన టీవీతోటి నా సభ ఆగం జేసిన్రు సేటుగారూ, సార్‌ను ముప్పావు గంట నిలబెట్టిన్రు అని మొత్తుకున్నాడు. పేపర్లో మూడు కాలమ్‌ల వార్త వచ్చిందని చెప్పాను. ఆహా, ఏ పేజీ అన్నాడు.

అక్టోబర్ 21

సారంగపాణి ఫోన్ చేశాడు. స్క్రీన్ మీద పటం ఇంకోసారి చూడటానికి ఈ సాయంత్రం వస్తాడట. రమ్మన్నాను.

లావణ్య గదిలో ఒకటే కుర్చీ ఉంది. ఇంకోటి వేయబోతే వద్దన్నాను. నేను కూర్చుంటాను, అతను నిలబడి చూడాలి.

రాత్రి ఎనిమిది

ఇద్దరం నిలబడే చూశాం.